ఇంజను థర్మోస్టాట్

ఇంజను థర్మోస్టాట్ అనునది మోటారు కార్లలో ఇంజను ఉష్ణోగ్రతను తగిన స్థాయిలో నిలిపి ఉంచే ఒక చిన్న కవాటం. ఇంజనుకు, రేడియేటరుకు మధ్య ప్రవహించే శీతలీకరణ ద్రవం (కూలెంట్) మార్గంలో దీనిని అమరుస్తారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇది మూసుకొని ఉండి ద్రవాన్ని రేడియేటరులోనికి పోనీయదు. ఇంజను నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరగానే తెరచుకొని దారి ఇస్తుంది. సాధారణ రకం థర్మోస్టాట్ విద్యుత్తు గాని, డ్రైవరు ప్రమేయం గాని లేకుండా, పదార్థాలు వేడికి వ్యాకోచిస్తాయి అనే సూత్రం ఆధారంగానే పనిచేస్తుంది. అరచేతిలో ఇమిడే ఈ భాగం చెడిపోయినప్పుడు సకాలంలో మార్చనిచో ఇంజను మొత్తం పాడయ్యే ప్రమాదం ఉన్నది.

ఎండలు ఎక్కువగా ఉండే ప్రాంతాలలో థర్మోస్టాట్ అవసరం లేదనే అభిప్రాయం వాహనదారులలోను, కొందరు మెకానిక్కులలోను ఉన్నది. తెలంగాణ ఉత్తర భాగంలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని చూసినప్పటికీ ఈ అభిప్రాయం సరైనది కాదు. అందుకు కారణాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

పేరు, చరిత్ర

థర్మోస్టాట్ అను పదం గ్రీకు భాషలో వేడి, నిలకడ అను అర్థాలు గల మాటల కలయికతో ఏర్పడినది. స్కాట్లండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ ఉర్ 1830లో రెండు లోహాల పట్టీతో పనిచేసే ఉష్ణ నియంత్రణ సాధనానికి పేటెంటు పొంది, దానికి ఈ పేరు పెట్టాడు.

తొలినాటి కార్లలో చాలావాటికి ఇంజను థర్మోస్టాట్ ఉండేది కాదు. 1908లో విడుదలైన ఫోర్డ్ మోడల్-టి కారులో వేడి నీరు పైకి, చల్లని నీరు క్రిందికి చేరే సహజ ప్రసరణ మీదనే శీతలీకరణ ఆధారపడి ఉండేది. తరువాతి కాలంలో, త్వరగా ఆవిరయ్యే ద్రవంతో నింపిన లోహపు తిత్తి గల థర్మోస్టాట్లు వచ్చాయి. శీతలీకరణ వ్యవస్థలో పీడనం పెరిగినప్పుడు ఇవి సరిగా తెరచుకొనేవి కావు. 1930వ దశకంలో సెర్జియస్ వెర్నెట్ మైనంతో పనిచేసే థర్మోస్టాట్‌ను రూపొందించడంతో ఈ సమస్య తీరింది. నేటికీ కార్లలో ఉన్నది ప్రధానంగా ఈ మైనపు రకమే. భారతదేశంలో దీర్ఘకాలం తయారైన అంబాసిడర్, మారుతి 800 కార్లలోను థర్మోస్టాట్ ఉండేది. ఈ రెండింటి ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది.

నిర్మాణం

థర్మోస్టాట్‌లోని ముఖ్య భాగాలు ఇవి:

* మైనపు గుళిక: ఇత్తడితో గాని, రాగితో గాని చేసిన చిన్న డబ్బీ. ఇందులో ప్రత్యేకమైన మైనం నింపి ఉంటుంది. వేడి త్వరగా ప్రాకుటకు మైనంలో రాగి పొడి కలుపుతారు.
* ఉక్కు కడ్డీ: గుళికలో ఒక కొన, చట్రానికి మరొక కొన ఆని ఉండే సన్నని పిన్ను.
* కవాటపు పళ్ళెం: ద్రవం పోయే రంధ్రాన్ని మూసి ఉంచే గుండ్రని రేకు.
* స్ప్రింగు: ఇంజను చల్లబడినప్పుడు పళ్ళెమును తిరిగి మూసివేయునది.
* గాలి రంధ్రం: కూలెంట్ నింపునప్పుడు లోపలి గాలి బయటకు పోవుటకు అంచున ఉండే చిన్న రంధ్రం. చాలా రకాలలో ఇందులో కదిలే చిన్న పిన్ను ఉంటుంది.

థర్మోస్టాట్ మీద 82, 88 వంటి అంకె ముద్రించి ఉంటుంది. అది సెంటీగ్రేడు డిగ్రీలలో కవాటం తెరచుకోవడం మొదలయ్యే ఉష్ణోగ్రత. అంతకు సుమారు 10 నుండి 15 డిగ్రీలు ఎక్కువ వద్ద అది పూర్తిగా తెరచుకొంటుంది.

పనిచేయు విధానం

ఇంజనులో ఇంధనం మండినప్పుడు వాయువుల ఉష్ణోగ్రత 2000 డిగ్రీలు దాటుతుంది. ఇంధనపు శక్తిలో స్థూలంగా మూడవ వంతు మాత్రమే బండిని నడుపుటకు ఉపయోగపడుతుంది. మరొక మూడవ వంతు పొగ గొట్టం గుండా పోతుంది. మిగిలిన దానిలో అధిక భాగాన్ని కూలెంట్ గ్రహించి రేడియేటరుకు చేరవేస్తుంది.

ఇంజను స్టార్టు చేసినప్పుడు థర్మోస్టాట్ మూసుకొని ఉంటుంది. నీటి పంపు తిప్పే ద్రవం 'బైపాస్' అనే చిన్న మార్గం ద్వారా ఇంజనులోనే తిరుగుతుంది. అందువలన ఇంజను త్వరగా వేడెక్కుతుంది. నిర్ణీత ఉష్ణోగ్రత రాగానే గుళికలోని మైనం కరిగి వ్యాకోచిస్తుంది. ఉక్కు కడ్డీ చట్రానికి ఆని కదలలేదు కనుక గుళికయే వెనుకకు జరుగుతుంది. దానితోపాటు కవాటపు పళ్ళెం తెరచుకొని ద్రవం రేడియేటరులోనికి పోతుంది. అదే సమయంలో చాలా ఇంజన్లలో గుళిక అడుగున ఉండే మరొక పళ్ళెం బైపాస్ మార్గాన్ని మూసివేస్తుంది. ద్రవం చల్లబడగానే మైనం గట్టిపడి, స్ప్రింగు బలంతో కవాటం తిరిగి మూసుకొంటుంది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత పరిస్థితులు

ఈ మూడు పట్టణాలు 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో జగిత్యాల, కోరుట్ల జగిత్యాల జిల్లాలోను, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరాయి. వీటిలో ఇంజను శీతలీకరణపై ప్రభావం చూపే అంశాలు మూడు ఉన్నాయి.

మొదటిది వేసవి. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గాలి వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు తక్కువ వేడిని మాత్రమే బయటకు పంపగలదు. ఏ.సి. వేసుకొని, నిండా ప్రయాణికులతో కొండగట్టు వంటి ఎత్తు ప్రదేశాలకు ఎక్కునప్పుడు ఇంజనుపై భారం మరింత పెరుగుతుంది.

రెండవది నీరు. ఈ ప్రాంతం గ్రానైటు రాతినేల. ఇక్కడి బోరు బావుల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉండటం సాధారణం. ఇటువంటి కఠిన జలాన్ని రేడియేటరులో పోసినచో, వేడికి బైకార్బొనేట్లు విచ్ఛిన్నమై కార్బొనేటు పొరగా పేరుకొంటాయి. నీళ్ళు కాచే పాత్ర అడుగున ఏర్పడే తెల్లని పొర ఇదే. ఈ పొర థర్మోస్టాట్ కడ్డీ చుట్టూ, పళ్ళెం అంచున పేరుకొన్నచో కవాటం బిగుసుకొని పోతుంది. రేడియేటరు సన్నని గొట్టాలు కూడా పూడుకొంటాయి.

మూడవది దూర ప్రయాణాలు. ఈ పట్టణాల నుండి, చుట్టుపక్కల గ్రామాల నుండి ఉపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు అధికం. వారిని 2008లో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయానికి చేర్చే కార్లు ఒక్క వైపే సుమారు 150 నుండి 250 కిలోమీటర్లు నడుస్తాయి. ఆర్మూరు నుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా మంచిర్యాల వైపు పోయే 63వ నెంబరు జాతీయ రహదారిపై కూడా వాహనాలు గంటల తరబడి నడుస్తాయి. ఊరిలో తిరుగునప్పుడు బయటపడని లోపం ఇటువంటి ప్రయాణంలో బయటపడి, విమానానికి వెళ్ళవలసిన మనిషిని నడిదారిలో నిలిపివేయగలదు.

థర్మోస్టాట్ తీసివేసే అలవాటు

కారు వేడెక్కిన ప్రతిసారీ థర్మోస్టాట్‌ను తీసివేసి, ఖాళీగా మూత బిగించి పంపడం కొన్ని షెడ్లలో అలవాటుగా ఉన్నది. "మన ఎండలకు ఇది ఎందుకు?" అనునది దీనికి చెప్పే కారణం. ఈ వాదన నిలువదు.

* బయటి ఎండ 45 డిగ్రీలు ఉన్నను, థర్మోస్టాట్ తెరచుకొనేది 82 డిగ్రీల వద్ద. అనగా ఎంత ఎండలోనైనను స్టార్టు చేసిన ఇంజను మరి 37 డిగ్రీలు వేడెక్కిన తరువాతనే సరైన స్థితికి వస్తుంది. పూర్తిగా తెరచుకొన్న మంచి థర్మోస్టాట్ ద్రవ ప్రవాహానికి చెప్పుకోదగిన అడ్డంకి కాదు. కనుక వేసవిలో దానివలన నష్టం లేదు.
* అడుగు పళ్ళెం గల రకాలలో థర్మోస్టాట్ తీసివేసినచో బైపాస్ మార్గం ఎప్పుడూ తెరచియే ఉంటుంది. కొంత వేడి ద్రవం రేడియేటరుకు పోకుండా ఇంజనులోనే తిరుగుతూ ఉంటుంది. అందువలన చల్లబడుటకై తీసివేసిన కారే ఎక్కువ భారంపై మరింత వేడెక్కవచ్చును.
* ఇంజను చల్లగా ఉన్నంతసేపు కంప్యూటరు ఇంధనాన్ని ఎక్కువగా పంపుతుంది. మైలేజి తగ్గుతుంది. పొగలో కాలుష్యం పెరుగుతుంది. మండని పెట్రోలు సిలిండరు గోడలపై నూనె పొరను కడిగివేయుటచే రింగులు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. ఇంజన్ ఆయిల్‌లో చేరిన నీటి ఆవిరి పోక మడ్డి ఏర్పడుతుంది.
* అసలు లోపం, అనగా పూడుకొన్న రేడియేటరో, తిరగని ఫ్యానో, అరిగిన నీటి పంపో, అలాగే మిగిలిపోతుంది.

చెడిపోయినట్లు గుర్తించుట

థర్మోస్టాట్ రెండు విధాలుగా చెడిపోతుంది.

మూసుకొని బిగుసుకొనుట: ఇది ప్రమాదకరమైనది. ఉష్ణోగ్రత ముల్లు కొద్ది నిమిషాలలోనే ఎరుపు గుర్తు వైపు పోతుంది. ఇంజను పొగలు కక్కునంత వేడిగా ఉన్నను రేడియేటరు మాత్రం చల్లగా ఉంటుంది. పై హోసు, క్రింది హోసులలో ఒకటి కాలునంత వేడిగాను, రెండవది చల్లగాను ఉండటం దీని ముఖ్య లక్షణం. నిర్లక్ష్యం చేసినచో హెడ్ గాస్కెట్ కాలిపోవుట, అల్యూమినియం సిలిండరు హెడ్డు వంగిపోవుట, చివరకు ఇంజను పట్టివేయుట జరుగుతాయి. కొన్ని వందల రూపాయలతో పోవలసిన పని వేల రూపాయల రిపేరుగా మారుతుంది.

తెరచుకొని బిగుసుకొనుట: ముల్లు సగం వరకు రావడానికి చాలాసేపు పడుతుంది. రహదారిపై వేగంగా పోవునప్పుడు క్రిందికి దిగుతుంది. చలికాలపు ఉదయం హీటరు వేడి గాలి ఇవ్వదు. మైలేజి తగ్గుతుంది. కొత్త కార్లలో ఇంజను హెచ్చరిక దీపం వెలిగి, స్కానరులో పి-0128 అనే కోడు కనిపించవచ్చును.

కారు వేడెక్కుటకు ఇతర కారణాలు కూడా ఉంటాయి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు మాత్రమే వేడెక్కి, నడుస్తుండగా తగ్గినచో ఫ్యానును అనుమానించవలెను. కూలెంట్ తరచుగా తగ్గుచున్నచో ఎక్కడో కారుచున్నట్లు లెక్క. నూనె పాలవలె తెల్లబడినను, పొగ గొట్టం నుండి విడువకుండా తెల్లని పొగ వచ్చినను హెడ్ గాస్కెట్ దెబ్బతిన్నదని భావించవలెను. ఇటువంటప్పుడు థర్మోస్టాట్ ఒక్కటే మార్చి ప్రయోజనం లేదు.

పరీక్షించు విధానం

విప్పిన థర్మోస్టాట్‌ను సులభంగా పరీక్షించవచ్చును. చల్లని స్థితిలో కవాటం పూర్తిగా మూసుకొని ఉండవలెను. ఒక దారాన్ని కవాటపు సందులో ఇరికించి, థర్మోస్టాట్‌ను నీళ్ళు ఉన్న పాత్రలో అడుగుకు తగలకుండా వ్రేలాడదీసి, ప్రక్కన థర్మామీటరు ఉంచి నీటిని వేడి చేయవలెను. కవాటం తెరచుకోగానే దారం జారి థర్మోస్టాట్ క్రింద పడుతుంది. అప్పటి ఉష్ణోగ్రత దానిపై ముద్రించిన అంకెకు రెండు మూడు డిగ్రీల తేడాలో ఉన్నచో అది బాగున్నట్లే. నీరు మరుగుచున్నను తెరచుకొననిది పనికిరాదు. ఈ పాత్రను మరల వంటకు వాడరాదు. జ్వరం చూసే థర్మామీటరు ఈ పరీక్షకు పనికిరాదు. దానిని వేడి నీటిలో ఉంచినచో పగిలిపోతుంది.

ఇంటివద్ద మార్చు విధానం

కావలసిన వస్తువులు: కారు మోడలుకు తగిన కొత్త థర్మోస్టాట్, కొత్త గాస్కెట్ లేదా రబ్బరు రింగు, తయారీదారు సూచించిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, పానాలు (చాలా కార్లలో 10 లేదా 12 నెంబరు), స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, వెడల్పాటి తొట్టి, గుడ్డ, చేతి తొడుగులు.

# కారును సమతలమైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను పూర్తిగా చల్లారనివ్వవలెను. ఇందుకు కనీసం రెండు మూడు గంటలు పడుతుంది. రాత్రి నిలిపిన కారును ఉదయం విప్పుట ఉత్తమం.
# బ్యాటరీ నెగటివ్ తీగను విప్పవలెను. విద్యుత్ ఫ్యాను ఇంజను ఆపిన తరువాత కూడా దానంతట అదే తిరగవచ్చును.
# రేడియేటరు మూత తీసి, అడుగున తొట్టి ఉంచి, డ్రెయిన్ బిరడా విప్పి కూలెంట్‌ను దింపవలెను. బిరడా లేనిచో క్రింది హోసును విప్పవలెను.
# థర్మోస్టాట్ ఉన్న చోటును గుర్తించవలెను. చాలా ఇంజన్లలో పై హోసు ఇంజనును కలిసే చోట, కొన్నింటిలో క్రింది హోసు కలిసే చోట రెండు మూడు బోల్టులతో బిగించిన మూత క్రింద ఇది ఉంటుంది.
# హోసు క్లిప్పును ప్రక్కకు జరిపి, హోసును మెల్లగా త్రిప్పుతూ ఊడదీయవలెను. బలవంతంగా లాగినచో ప్లాస్టిక్ గొట్టం విరుగుతుంది.
# మూత బోల్టులు విప్పి, పాత థర్మోస్టాట్ ఏ దిశలో కూర్చొని ఉన్నదో గమనించి తీయవలెను. ఫోటో తీసి ఉంచుకొనుట మంచిది.
# రెండు ముఖాలపై అంటుకొన్న పాత గాస్కెట్ ముక్కలను జాగ్రత్తగా గీకివేయవలెను. అల్యూమినియం మెత్తనిది కనుక గీతలు పడకూడదు. ముక్కలు ఇంజను లోపల పడకుండా రంధ్రంలో గుడ్డ ఉంచి, తరువాత మరువక తీయవలెను.
# కొత్త థర్మోస్టాట్‌ను మైనపు గుళిక, స్ప్రింగు ఉన్న వైపు ఇంజనులోనికి ఉండునట్లు అమర్చవలెను. గాలి రంధ్రం పై వైపు ఉండవలెను. తిరగవేసి బిగించినచో అది తగిన సమయంలో తెరచుకొనదు, ఇంజను వేడెక్కుతుంది.
# కొత్త గాస్కెట్ వేసి, బోల్టులను ముందు చేతితో త్రిప్పి, తరువాత ఒకదాని తరువాత ఒకటి సమానంగా బిగించవలెను. ఇవి చిన్న బోల్టులు. అతిగా బిగించినచో మర చెడిపోవుట గాని, మూత పగులుట గాని జరుగుతుంది.
# హోసులు, డ్రెయిన్ బిరడా, బ్యాటరీ తీగ తిరిగి బిగించవలెను.

నేటి కొన్ని కార్లలో థర్మోస్టాట్, ప్లాస్టిక్ మూత కలిసి ఒకే భాగంగా వస్తాయి. అప్పుడు మొత్తం భాగాన్నే మార్చవలెను.

కూలెంట్ నింపుట, గాలి తీయుట

కూలెంట్‌ను బోరు నీటితో గాని, నల్లా నీటితో గాని కలుపరాదు. డిస్టిల్డ్ వాటరుతో కారు పుస్తకంలో చెప్పిన పాళ్ళలో, సాధారణంగా సగం సగం, కలుపవలెను. ముందే కలిపి అమ్మే కూలెంట్‌లో నీరు చేర్చనవసరం లేదు. మంచు పడని ప్రాంతంలో కూలెంట్ దండుగ అనుకొనుట పొరపాటు. సగం ఇథిలీన్ గ్లైకాల్ గల మిశ్రమం మామూలు పీడనం వద్ద నీటి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ వద్ద, రేడియేటరు మూత కలిగించే పీడనంలో 120 డిగ్రీలు దాటిన తరువాత మరుగుతుంది. అందులోని రసాయనాలు తుప్పును అరికట్టి, నీటి పంపును, థర్మోస్టాట్‌ను కాపాడతాయి.

నింపునప్పుడు మెల్లగా పోయవలెను. తరువాత మూత తెరచియే ఇంజను స్టార్టు చేసి, హీటరును పూర్తి వేడిపై ఉంచవలెను. థర్మోస్టాట్ తెరచుకోగానే బుడగలు వచ్చి మట్టం తగ్గుతుంది. ఆ మేరకు పోసి మూత బిగించవలెను. రేడియేటరుపై మూత లేని కార్లలో రిజర్వు ట్యాంకు ద్వారా నింపి, గాలి తీసే మరను వదులు చేయవలెను. లోపల గాలి మిగిలినచో కొత్త థర్మోస్టాట్ కూడా సరిగా పనిచేయదు. రెండు హోసులు వేడెక్కుట, ఫ్యాను తిరిగి ఆగుట, ముల్లు నిలకడగా ఉండుట చూసి, మూత చుట్టూ చెమ్మ లేదని నిర్ధారించుకొన్న తరువాతనే దూర ప్రయాణం చేయవలెను. మరునాటి ఉదయం మట్టాన్ని మరొకసారి చూడవలెను.

జాగ్రత్తలు

* వేడి ఇంజనుపై రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితిలోను తీయరాదు. పీడనం తొలగగానే 100 డిగ్రీలు మించిన ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖంపైకి చిమ్ముతుంది.
* చర్మం కాలినచో వెంటనే 20 నిమిషాలు ధారగా పడే చల్లని నీటి క్రింద ఉంచి, వైద్యుని వద్దకు తీసుకొని పోవలెను. సిరా, టూత్‌పేస్టు, మంచుగడ్డ పెట్టరాదు.
* దారిలో ముల్లు పైకి పోయినచో ఏ.సి. ఆపి, కారును సురక్షితమైన చోట నిలిపి ఇంజను ఆపవలెను. వేడి ఇంజనుపై చల్లని నీరు కుమ్మరించరాదు. లోహం పగిలే ప్రమాదం ఉన్నది.
* ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలు, కుక్కలు, పశువులు తాగే ప్రమాదం ఉన్నది. పాత కూలెంట్‌ను వాకిట్లో గాని, మురుగు కాలువలో గాని, చెరువు దగ్గర గాని పారబోయరాదు. మూత గల డబ్బాలో నింపి, పేరు వ్రాసి, వాడిన ద్రవాలను సేకరించే సర్వీసు కేంద్రానికి ఇవ్వవలెను. మంచినీళ్ళ సీసాలలో పోసి ఉంచరాదు.
* వారంటీలో ఉన్న కార్లు, విద్యుత్ నియంత్రిత థర్మోస్టాట్ గల కార్లు, టైమింగ్ బెల్టు వెనుక థర్మోస్టాట్ ఉన్న కార్ల విషయంలో శిక్షణ గల మెకానిక్కు చేత చేయించుట మేలు.

ఇవి కూడా చూడండి

* రేడియేటరు
* అంతర్దహన యంత్రం
* ఉష్ణ వ్యాకోచం
* నీటి కాఠిన్యత
* జగిత్యాల
* కోరుట్ల
* సిరిసిల్ల